సూది మాస్టారి వ్యాసం

అంగడిలో తెల్లగా, నునుపుగా, పొట్లాల్లో కనిపించే పుట్టగొడుగులను మనం ఇష్టంగా కొనుక్కుంటాం. అవి ఎక్కడ పెరిగాయో, వాటి కింద పరిచిన గడ్డిని ఆ తర్వాత ఎవరు ఎత్తిపోశారో మనకు తోచదు. తోచకపోవడం తప్పు కాదు. అయితే ఆ గడ్డి ఎత్తే ఒక ఇల్లాలికి వచ్చిన దగ్గు గురించి, ఆ దగ్గు సంగతి లోకంలో కొందరికి ముందే తెలిసి ఉండి కూడా ఆమెకు తెలియకపోవడం గురించి పాఠకులు ఒకసారి వినాలి.

ఊరి చివర వరసగా ఉన్న పొడవాటి షెడ్లలో ఆమెకు పని. లోపల వెలుతురు తక్కువ, తేమ ఎక్కువ. నేల నుంచి కప్పు దాకా అరలు, ప్రతి అరలోనూ మగ్గబెట్టిన గడ్డి, ఆ గడ్డి మీద పుట్టగొడుగులు. పంట కోసేవాళ్లు వేరు, తూచి పొట్లాలు కట్టేవాళ్లు వేరు. పంట అయిపోయాక అరల్లో మిగిలిన పాత గడ్డిని పారతో గీకి, గంపలకెత్తి బయట పోసే పని ఆమెదీ, మరి కొందరు ఆడవాళ్లదీ. ఆ పనికి కూలి కాస్త ఎక్కువ. ఎందుకు ఎక్కువో ఎవరూ అడగలేదు. బరువు పని కాబట్టి కాబోలు అనుకున్నారు.

గడ్డి గీకుతుంటే పొగలాగా ధూళి లేచేది. అందరూ ముక్కుకు గుడ్డ కట్టుకునేవాళ్లు. పని అయ్యాక గుడ్డ విప్పి దులిపితే లోపలి వైపు కూడా బూడిద రంగులోనే ఉండేది. దాన్ని చూసి నవ్వుకుని, ఉతుక్కుని, మర్నాడు మళ్లీ కట్టుకునేవాళ్లు.

గడ్డి ఎత్తిన రోజు సాయంత్రానికి ఆమెకు ఒళ్లు వెచ్చబడేది. దగ్గు, కీళ్ల నొప్పులు, ఛాతీ మీద ఎవరో కూర్చున్నట్టు బరువు. పని లేని రోజుల్లో అన్నీ తగ్గిపోయేవి. మళ్లీ షెడ్డులో అడుగుపెడితే మళ్లీ మొదటికొచ్చేది. మందుల షాపతను జ్వరం బిళ్లలిచ్చాడు, తర్వాత దగ్గు మందిచ్చాడు, ఆ తర్వాత రెండూ కలిపి ఇచ్చాడు. భర్త దర్జీ. రాత్రి ఆమె దగ్గు మొదలుపెడితే అతను మిషను ఆపి చూసేవాడు. ఆమె ఏమీ లేదన్నట్టు చెయ్యి ఊపేది. మిషను మళ్లీ కదిలేది.

ఆ ఇంట్లో ఇంకో మనిషికీ దగ్గుంది. అత్తగారికి. ఆవిడా ఒకప్పుడు ఆ షెడ్లలోనే గడ్డి ఎత్తింది. ఇప్పుడు వీధి గుమ్మం నుంచి పెరటి కుళాయి దాకా నడవాలంటే మధ్యలో గోడ పట్టుకుని ఆగాలి. ఆయాసం ఆవిడ ఒంటిని లొంగదీసింది కానీ నోటిని లొంగదీయలేకపోయింది. ఉన్న ఊపిరంతా మాటలకే సరిపోతోందనీ, నడకకు మిగలడం లేదనీ తన మీద తనే హాస్యమాడుకునేది. కోడలి దగ్గు విన్న మొదట్లో మాత్రం ఆవిడ ఏ హాస్యమూ ఆడలేదు. మంచం మీద కూర్చుని ఊరికే వినేది. తన ఛాతీలో ఏళ్ల కిందట మోగిన దగ్గును ఇప్పుడు పక్క గదిలోంచి వింటున్నట్టు ఉండేది ఆవిడకు.

చిన్న ఆసుపత్రిలో డాక్టరమ్మ మొదట నిమ్ము అనుకుంది. మందులిచ్చింది. వారం రోజులు ఇంట్లో ఉండమంది. ఇంట్లో ఉంటే తగ్గింది కాబట్టి మందుతోనే తగ్గిందని అందరూ అనుకున్నారు. పనికి వెళ్లగానే తిరగబెట్టింది. ఈసారి ఎక్స్‌రేలో రెండు ఊపిరితిత్తులూ మంచు కమ్మినట్టు కనిపించాయి. క్షయేమోనని కఫం పరీక్ష చేయించారు. అది కాదని తేలింది. ఏది కాదో తెలుస్తోంది కానీ ఏదో తెలియడం లేదు.

మూడోసారి ఆసుపత్రికి వెళ్లేటప్పుడు అత్తగారు తానూ వస్తానని పట్టుబట్టింది. కొడుకు ఆటో పిలిచాడు. డాక్టరమ్మ గదిలో కుర్చీ అందగానే కూలబడి, కాస్త ఊపిరి పట్టుకుని, ఆవిడ చెప్పింది.

"నాకూ ఇట్లాగే మొదలైంది, డాక్టరమ్మా. అప్పట్లో పెద్ద కాలేజీ నుంచి ఒక మాస్టారు వచ్చేవాడు. మా అందరి చేతులకీ సూది గుచ్చి రక్తం తీసుకున్నాడు. గొట్టంలోకి ఊదమన్నాడు, ఊదాం. షెడ్లో ఎక్కడెక్కడి దుమ్మో సీసాల్లోకి ఎత్తుకున్నాడు. మేమంతా సూది మాస్టారని పిలిచేవాళ్లం. మంచాయనే. ఇది మీ పిల్లలకు పనికొస్తుందమ్మా అన్నాడు. ఇదుగో, మా పిల్ల వచ్చింది. ఆ పనికొచ్చేదేమిటో కాస్త చూసిపెట్టు."

డాక్టరమ్మకు అప్పటికే పని చోటు మీద అనుమానం ఉంది. ఆవిడ మాటతో ఆ అనుమానానికి కాళ్లు వచ్చాయి. ఆ మధ్యాహ్నమే కంప్యూటరు ముందు కూర్చుని వెతికింది. వెతికిన కాసేపటికే దొరికింది కూడా. పుట్టగొడుగుల షెడ్లలో పనిచేసేవారి ఊపిరితిత్తుల జబ్బు మీద ఒక పరిశోధనా వ్యాసం. షెడ్లు ఇవే, కాలం అదే. వ్యాసం పైన నాలుగు వాక్యాల సారాంశం ఉంది. జబ్బుకు కారణమైన దాన్ని గుర్తించామనీ, షెడ్లలో ఒక తేలికైన మార్పుతో జబ్బు చాలా మేరకు తగ్గుతున్నట్టు గమనించామనీ, వివరాలు లోపల ఉన్నాయనీ. లోపలికి వెళ్లబోతే తెర మీద చిన్న తాళం బొమ్మ. చందా కట్టిన సంస్థలవారు మాత్రమే చదవవచ్చు. లేదా ఈ ఒక్క వ్యాసానికి రుసుము చెల్లించవచ్చు. రుసుము విదేశీ డబ్బులో, ఫలానా రకం కార్డుతోనే కట్టాలి. ఆమె తన కార్డుతో ప్రయత్నించింది. కార్డు చెల్లదని వచ్చింది.

ఆ చిన్న ఆసుపత్రికి ఏ పత్రికకూ చందా లేదు. తనతో చదువుకున్నవాళ్లు పెద్ద ఆసుపత్రుల్లో ఉన్నారు. వాళ్లకు ఫోన్లు చేసింది. ఒకరి దగ్గర ఆ పత్రిక లేదు. ఇంకొకరి దగ్గర ఉంది కానీ కొత్త సంచికలు మాత్రమే తెరుచుకుంటాయి, పాతవాటికి వేరే చందా అట. వ్యాసంలో ఇచ్చిన చిరునామాకు మెయిలు పంపితే, అటువంటి చిరునామా లేదని తిరిగొచ్చింది.

ఆమె తనకు తెలిసినంతలో చేయవలసింది చేసింది. ఊపిరితిత్తుల వాపు తగ్గే మందు మొదలుపెట్టింది. షెడ్డులో పని పూర్తిగా మానేయమని చెప్పింది. ఆ సలహా చెప్పడానికి వ్యాసం అక్కర్లేదు. కానీ షెడ్డులో ఏముంది? పుట్టగొడుగుల పొడా, గడ్డా, చల్లే మందా, గోడల మీది చెమ్మా? అన్నింటికీ దూరంగా ఉండమనడం తప్ప ఫలానాదానికి దూరంగా ఉండమని చెప్పలేకపోయింది. దర్జీ పని ఒక్కదానితో గడిచే ఇల్లు కాదని డాక్టరమ్మకూ తెలుసు.

రోగి తలొంచుకుని విని, చివరికి నెమ్మదిగా అంది. "పని మానేస్తే నేను బాగుపడతానండి. నా గంప ఇంకొకామె ఎత్తుకుంటుంది. ఆమె మళ్లీ మీ దగ్గరికే వస్తుంది. ఆమెకేం చెప్తారు?"

డాక్టరమ్మ బల్ల మీది కవర్ల వైపు చూసింది. అప్పటికే ఆ షెడ్ల నుంచి ఇంకొందరు దగ్గుతో వస్తున్నారు. వాళ్ల ఎక్స్‌రేలు కూడా ఆమె బల్ల మీదే ఉన్నాయి.

మందు మొదలుపెట్టాక జ్వరం పోయింది. ఒంట్లో తేలికయ్యేసరికి, ఇంట్లో బియ్యం అడుగంటేసరికి, ఎవరికీ చెప్పకుండా ఆమె మళ్లీ గంప నెత్తిన పెట్టుకుంది. ఆ సాయంత్రం షెడ్డు వాకిట్లోనే కూలిపోయింది. పెదవులు నీలం రంగుకు తిరిగాయి. తోటి ఆడవాళ్లు సరుకు బండిలో వేసి ఆసుపత్రికి తెచ్చారు. భర్త టేపు మెడలో ఉండగానే పరుగెత్తుకొచ్చాడు. ఆక్సిజన్ పెట్టిన మంచం పక్కన అత్తగారు కూర్చుని, కోడలి ఛాతీ లేచి పడడాన్నే చూస్తూ ఉండిపోయింది.

మర్నాడు డాక్టరమ్మ సెలవు పెట్టి, సూది మాస్టారు పనిచేసిన పెద్ద కాలేజీకి బస్సెక్కింది.

కాలేజీ గ్రంథాలయం మూడంతస్తుల మేడ. లైబ్రేరియన్ నెరిసిన జుట్టు మనిషి, నెమ్మదస్తుడు. ఆమె చెప్పింది విని కేటలాగులో వెతికాడు. వ్యాసం పేరు వచ్చింది, పత్రిక పేరు వచ్చింది, సంపుటం వచ్చింది. కానీ పక్కన అందుబాటులో లేదని ఉంది. ఆయన కళ్లద్దాలు తీసి తుడుచుకుని జరిగింది వివరించాడు. ఒకప్పుడు ఆ పత్రిక అచ్చు సంచికలు బైండు చేసి అరల్లో ఉండేవట. చోటు చాలడం లేదని, అంతా కంప్యూటర్లోనే వస్తోందని, వాటిని తీసేసి కంప్యూటర్ చందాకు మారారట. ఏటేటా చందా పెరిగింది, ఒక ఏడు కాలేజీ కట్టలేకపోయింది. కాగితం సంచికలైతే చందా ఆపినా పాతవి అరలో మిగిలేవి. ఇవి పాతవాటితో సహా మూసుకుపోయాయి.

"పేర్లన్నీ ఉన్నాయమ్మా నా దగ్గర. పుస్తకాలే లేవు," అన్నాడాయన. "ఎవరైనా వచ్చి అడిగితే, ఇది ఎక్కడో ఉంది, ఇక్కడ లేదు అని చెప్పడమే నా ఉద్యోగం అయిపోయింది."

అయితే సూది మాస్టారు ఆయనకు తెలుసు. ప్రొఫెసరుగా రిటైరై అదే ఊళ్లో ఉంటున్నారు. ఇద్దరూ కలిసి వెళ్లారు.

ప్రొఫెసర్ గారు వాళ్లను కూర్చోబెట్టి, విషయం వినగానే ఉత్సాహంగా తన కంప్యూటర్ తెరిచారు. నా వ్యాసమే కదా, ఇప్పుడే చూపిస్తానన్నారు. కాలేజీ ఇచ్చిన పాత పేరు, పాత పాస్‌వర్డు కొట్టారు. రిటైరైనవారి ప్రవేశం రద్దయిందని వచ్చింది. పత్రికవాళ్ల పేజీకి నేరుగా వెళ్లారు. పైన తన పేరు పెద్ద అక్షరాలతో ఉంది. కింద అదే తాళం బొమ్మ. తాను రాసింది తాను చదువుకోవాలంటే రుసుము కట్టమంటోంది.

ఆయన కుర్చీ వెనక్కి జరుపుకున్నారు. తర్వాత ఒక్కొక్క మాటే కూడబలుక్కున్నట్టు చెప్పారు. ఆ పరిశోధనకు డబ్బు ప్రభుత్వం ఇచ్చింది, అంటే జనం కట్టిన పన్నులు. జీతం కాలేజీ ఇచ్చింది. రక్తం ఆ షెడ్ల ఆడవాళ్లు ఇచ్చారు. వ్యాసాన్ని తప్పొప్పులు చూసి సరిదిద్దిన తోటి పండితులు పైసా తీసుకోలేదు. అన్నీ అయ్యాక, అచ్చు వేసేవాళ్లు పంపిన ఒప్పందం మీద చదవకుండా సంతకం పెట్టి, హక్కులన్నీ రాసిచ్చేశారు. "అచ్చయితే అందరికీ తెలిసినట్టే అనుకున్నాను," అన్నారు. "ఆ ఊరు మళ్లీ వెళ్దామనుకున్నాను. ఇంతలో బదిలీ, ఇంకో పరిశోధన. నాకు పేరొచ్చింది, ప్రమోషన్ వచ్చింది. వాళ్లకేమొచ్చిందో అడగలేదు."

పత్రికలకు మాత్రం ఖర్చులుండవా అంటే ఉంటాయి. అక్షరాలు కూర్చేవారికి, ఏళ్ల తరబడి భద్రపరిచేవారికి ఇవ్వవలసింది ఇవ్వాలి. లైబ్రేరియన్ కూడా ఆ మాటే అన్నాడు. కానీ ఆ ఖర్చును చదివేవాడి గుమ్మం దగ్గర వసూలు చేస్తే, ఎవరికి అవసరం ఎక్కువో వాళ్లే గుమ్మం బయట ఉండిపోతారు. డబ్బున్న సంస్థలు ముందుగానే కలిసి భరిస్తే తలుపు అందరికీ తెరిచే ఉంటుంది. అలా నడుస్తున్న పత్రికలు ఇప్పుడు చాలానే ఉన్నాయని కూడా ఆయన చెప్పాడు.

అచ్చుకు పంపే ముందు టైపు చేయించిన వ్యాసం ప్రతి ఒకటి ఆ ఇంటి అటక మీద పెట్టెలో దొరికింది. ఇవ్వవచ్చా అని ప్రొఫెసర్ గారికి సంకోచం. సంతకం పెట్టిన మనిషి కదా. లైబ్రేరియన్ ఆ పత్రికవాళ్ల నియమాలను ఓపిగ్గా చదివాడు. అచ్చయిన రూపం వాళ్లదే కానీ, రచయిత తన సొంత ప్రతిని కాలేజీ గ్రంథాలయంలో అందరికీ అందుబాటులో ఉంచుకోవచ్చని అందులోనే రాసి ఉంది. ఆ వెసులుబాటు ఉందని కాలేజీలో ఎవరికీ తెలియదు. అడిగినవాళ్లూ లేరు, చెప్పినవాళ్లూ లేరు.

ప్రొఫెసర్ గారు ప్రతిని డాక్టరమ్మ చేతికిచ్చి ఊరుకోలేదు. తానూ వస్తానని బస్సెక్కారు.

వ్యాసంలో ఉన్నది దారిలోనే డాక్టరమ్మ చదివేసింది. జబ్బు తెచ్చేది పుట్టగొడుగు కాదు. పంట అయిపోయాక ఆరిపోయిన పాత గడ్డిలో పెరిగే బూజు. ఎండిన గడ్డిని గీకితే ఆ బూజు పొడి గాలిలోకి లేచి ఊపిరితో లోపలికి పోతుంది. గుడ్డ దాన్ని ఆపదు. అప్పట్లో ఒక్క షెడ్డువాళ్లు మాత్రం పురుగుల కోసమని, గడ్డిని తీసే ముందు ఆవిరి పట్టించి తడిగానే ఎత్తేవాళ్లు. ఆ షెడ్డులో దగ్గు దాదాపు లేదు. ఆ తర్వాత ఆ షెడ్డు మూతపడింది, ఆ పద్ధతీ దానితోనే పోయింది. జబ్బు తొలి రోజుల్లోనే గడ్డి పని మాని కోతకో పొట్లాలకో మారినవాళ్లు కోలుకున్నారు. ఏళ్ల తరబడి అదే పనిలో ఉన్నవాళ్ల ఊపిరితిత్తులు గట్టిపడిపోయాయి. అవి మళ్లీ మామూలు కావు.

ఆసుపత్రి వరండాలో అత్తగారు ఆయన్ని చూడగానే గుర్తుపట్టింది. లేవబోయి, లేవలేక, కూర్చునే నమస్కారం పెట్టింది. ఆయన వచ్చి పక్కనే బెంచీ మీద కూర్చున్నారు.

"మా రక్తం ఏమైంది, మాస్టారూ?" అని అడిగింది.

ఆయన దాచకుండా అంతా చెప్పారు. కారణం దొరికిందని, రాశానని, అచ్చయిందని, పెద్ద పెద్ద దేశాల్లో చదివారని, మెచ్చుకున్నారని. ఆవిడ అంతా విని, ఊపిరి కూడదీసుకుని, కోపం లేకుండానే అంది. "అయితే మా ఇంటి సంగతి లోకమంతా చదివింది. మా ఇంట్లోవాళ్లకే చెప్పలేదన్నమాట."

ప్రొఫెసర్ గారు తల వంచుకుని, గడ్డిని తడిగా ఎత్తిన ఆ ఒక్క షెడ్డు సంగతి కూడా చెప్పారు. గడ్డి ఆరకుండా తడిపి ఎత్తితే చాలన్న సంగతి అప్పుడే తెలిస్తే తన ఊపిరి మిగిలేదా అని ఆవిడ అడిగింది. మిగిలేదమ్మా అన్నారాయన. ఆవిడ కొంగుతో మొహం తుడుచుకుని, లోపల పిల్ల ఉంది, ముందు దాని సంగతి చూడండి అంది.

షెడ్ల యజమాని దగ్గరికి డాక్టరమ్మ, ప్రొఫెసర్ గారు కలిసి వెళ్లారు. పెద్ద గొడవవుతుందని ఆమె భయపడింది. కాలేదు. ఆవిరి యంత్రం ఆయన దగ్గర ముందే ఉంది, కొత్త గడ్డి మగ్గబెట్టడానికి వాడుతున్నాడు. పాత గడ్డికి కూడా పట్టించాలని ఎవరూ చెప్పలేదని, చెబితే ఎందుకు చెయ్యనని, తన తమ్ముడు కూడా ఈ మధ్య దగ్గుతూనే ఉన్నాడని అన్నాడు. మొహానికి బిగుతుగా పట్టే మాస్కులు తెప్పించాడు. మొదటి వారం వాటితో ఊపిరాడడం లేదని పనివాళ్లు తీసి పక్కన పెట్టారు. డాక్టరమ్మ వాళ్ల ఎక్స్‌రేలు తెచ్చి షెడ్డు గోడకు ఆనించి చూపించాక మళ్లీ పెట్టుకున్నారు. ఏదీ ఒక్క రోజులో చక్కబడలేదు కానీ, ధూళి మాత్రం లేవడం మానేసింది.

కోడలు కోలుకుంది. వేరే గదిలో పొట్లాలు కట్టే పనిలోకి మారింది. ఆ పనికి కూలి తక్కువ. ఆ తక్కువను భర్త ఇంకో బట్టల దుకాణం పని పట్టి పూడ్చుకుంటున్నాడు. అత్తగారి ఆయాసం అట్లాగే ఉంది. అది తగ్గేది కాదని ఆవిడకు చెప్పారు. కోడలు దగ్గకుండా నిద్రపోతుంటే వినడానికి రాత్రిళ్లు తనకు మెలకువ మంచిదేనని ఆవిడ అంటుంది.

లైబ్రేరియన్ ప్రొఫెసర్ గారి ప్రతిని గ్రంథాలయం వెబ్‌సైటులో పెట్టాడు. కేటలాగులో ఆ పేరు పక్కన అందుబాటులో లేదన్న మాట తీసేసి, నొక్కితే తెరుచుకునేలా చేశాడు. ప్రొఫెసర్ గారు దాని ముందు ఒక పేజీ కొత్తగా రాశారు. పండితుల భాషలో కాదు, షెడ్డులో పనిచేసేవాళ్లు చదివితే అర్థమయ్యే మామూలు మాటల్లో. కొన్నాళ్లకు ముక్కూ మొహం తెలియని ఒక దూరదేశపు నర్సు నుంచి ఉత్తరం వచ్చింది. తమ దగ్గరా ఇలాంటి షెడ్లున్నాయని, ఇలాంటి దగ్గే ఉందని, ఇప్పుడు గడ్డి తడిపి ఎత్తుతున్నారని.

ఆ ఉత్తరం చూశాక కాలేజీ పెద్దలు కదిలారు. ఇకపై అక్కడ జరిగే ప్రతి పరిశోధన ప్రతినీ గ్రంథాలయంలో అందరికీ తెరిచి ఉంచాలా వద్దా అని తేల్చడానికి సభ పెట్టారు. కొందరు అధ్యాపకులకు అనుమానాలున్నాయి. పేరున్న పత్రికలు ఒప్పుకోవేమోనని, పదోన్నతులకు అడ్డం వస్తుందేమోనని. అవి నిజమైన భయాలే. వాటన్నింటినీ విన్నాక ప్రొఫెసర్ గారిని మాట్లాడమన్నారు. చివరి వరసలో డాక్టరమ్మ పక్కన అత్తాకోడళ్లిద్దరూ కూర్చుని ఉన్నారు.

ఆయన ఎక్కువసేపు మాట్లాడలేదు. తనకు వచ్చిన బహుమానాల గురించి చెప్పలేదు. చివరి వరస వైపు చూస్తూ ఇంతే అన్నారు.

"నేను ఒక జబ్బుకు కారణం కనుక్కున్నానని ఇన్నేళ్లూ అనుకున్నాను. కనుక్కోవడం అంటే నాకు తెలియడం కాదని, నన్ను నమ్మి చెయ్యి చాపిన మనిషికి తెలియడమని ఇప్పుడు తెలిసింది. జనం డబ్బుతో, జనం ఒంటితో సంపాదించిన చదువు జనం అందరిదీ. అవసరమైనవాడి చేతికి చేరని జ్ఞానం, ఎంత గొప్పదైనా, ఇంకా కనుక్కోనట్టే లెక్క."